లోతులేని చెరువుల్లో కొర్రమీను గాలం వేట

కొర్రమీను గాలం వేట అంటే చెరువు అంచున, మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు ఉండే కలుపు నీటిలో మాటు వేసిన కొర్రమీనును కృత్రిమ ఎరతో కవ్వించి పట్టడం. తెలంగాణ చెరువుల్లో చాలాచోట్ల ఈ వేట ఉంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల చుట్టూ, అందులోనూ అల్వాల్, బొల్లారం, జీడిమెట్ల, శామీర్‌పేట వైపు గొలుసుకట్టు చెరువులు దగ్గరదగ్గరగా ఉండటంతో ఉద్యోగులు, విద్యార్థులు సైతం దీన్ని సెలవు దినపు వ్యాపకంగా చేసుకున్నారు. వేటగాడి ఓర్పుకూ చేతి నేర్పుకూ ఇది పరీక్ష. అంతకన్నా ముఖ్యంగా, చెరువు ఆరోగ్యాన్ని కళ్లకు కట్టే వేట ఇది. లోతులేని పచ్చటి అంచు ఉన్నచోటనే కొర్రమీను గూడు కట్టి పిల్లలను పెంచుతుంది. ఆ అంచు పోయిన చెరువులో ఈ వేటా ఉండదు.

చేప

కొర్రమీనును తెలంగాణ పల్లెల్లో కొర్రమట్ట అనీ బొమ్మె అనీ పిలుస్తారు. దీని శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త బ్లాఖ్ 1793లో దీన్ని శాస్త్రలోకానికి వర్ణించాడు. మట్టగిడిస అనే చిన్న జాతి, నదుల్లోనూ పెద్ద జలాశయాల్లోనూ మీటరు పొడవు దాటి పెరిగే పూమీను కూడా ఈ కుటుంబానివే. చెరువుల్లో గాలానికి పడే కొర్రమీను సాధారణంగా అరకిలో నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దీని తల పాము తలలా బల్లపరుపుగా, పెద్ద పొలుసులతో ఉంటుంది. కళ్లు తల పైభాగానికి దగ్గరగా ఉంటాయి. నోరు వెడల్పు, పళ్లు పదును. వీపు మీది రెక్క మెడ వెనక మొదలై తోక దాకా సాగుతుంది. గుండ్రటి తోకతో ఒక్క ఊపున ముందుకు దూకగలదు గానీ ఎక్కువ దూరం తరమలేదు. అందుకే నాచు చాటునో తామరాకు నీడనో కదలకుండా ఉండి, దగ్గరికొచ్చిన ప్రాణిని ఒక్క దూకుడులో అందుకుంటుంది. చిన్న చేపలు, కప్పలు, తోకకప్పలు, రొయ్యలు, పురుగులు దీని ఆహారం.

కొర్రమీనుకు మొప్పల పైన గాలి పీల్చేందుకు ప్రత్యేకమైన గది ఉంది. ఎదిగిన చేపకు నీటిలో కరిగిన ప్రాణవాయువు ఒక్కటే చాలదు. కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి మింగాల్సిందే. పైకి రానీయకుండా వలతో అడ్డుకుంటే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఈ ఏర్పాటు వల్లనే ఎండాకాలంలో చెరువు ఎండితే తడి బురదలో దాక్కుని బతుకుతుంది. వాన పడ్డ రాత్రి తడి గడ్డి మీదుగా పక్క గుంటకు పాకుతుంది. మిగతా చేపలు చచ్చి తేలిపోయే మురుగు నీటిలో కూడా ఇది కొంతకాలం తట్టుకుంటుంది. వేటగాడికి చేప జాడ దొరికేదీ ఇక్కడే: గాలి మింగేందుకు పైకి వచ్చినప్పుడు నీటి మీద మెత్తని చప్పుడు, ఒక సుడి, రెండు మూడు బుడగలు కనిపిస్తాయి.

అల్వాల్ చెరువులు

అల్వాల్ దక్కన్ పీఠభూమి రాతి నేల మీద ఉంది. ఎగుడుదిగుడు నేలలో వాన నీటిని కట్టలతో ఆపి, ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుగా కట్టడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. అల్వాల్‌లోని చిన్నరాయుని చెరువు, కొత్త చెరువు, దగ్గర్లోని సఫిల్‌గూడ చెరువు, హస్మత్‌పేట చెరువు ఆ సంప్రదాయపు వారసత్వమే. పడమటి వైపు జీడిమెట్లలోని ఫాక్స్ సాగర్‌ను నిజాం పాలనలో 1897లో నిర్మించారు. ఉత్తరాన శామీర్‌పేట పెద్ద చెరువు ఉంది. ఒకప్పుడు విడి పురపాలక సంఘంగా ఉన్న అల్వాల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016 జిల్లాల పునర్విభజనలో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది.

ఈ చెరువులకు ఒకవైపు కట్ట, తూము, లోతైన నీరు ఉంటాయి. ఎదురు వైపు నేల మెల్లగా వాలుతూ పోతుంది. నీరు వచ్చినప్పుడు మునిగి, తగ్గినప్పుడు తేలే ఆ భూమిని శిఖం అంటారు. అక్కడ తుంగ, జమ్ము, తామర, కలువ, నాచు పెరుగుతాయి. ఎండ తగిలి నీరు త్వరగా వెచ్చబడుతుంది. పురుగులు, చిన్న చేపలు, కప్పలు అక్కడే గుడ్లు పెడతాయి. వాటికోసం కొర్రమీనూ అక్కడికే చేరుతుంది. బొచ్చె, రోహు వంటి చేపలు లోతు నీటిలో తిరుగుతుంటే కొర్రమీను శిఖం అంచునే ఇల్లు చేసుకుంటుంది. నగరం పెరిగేకొద్దీ కట్టడాలకు ముందుగా బలైనదీ ఈ శిఖం భూమే.

చరిత్ర

దక్కన్‌లో గాలం వేట రాజుల వినోదంగా కూడా సాగింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే అధ్యాయం ఉంది. చేపల జాతులు, వాటికి పెట్టే మేత, గాలం కర్ర, దారం, ముల్లు, చేప కదలికను పసిగట్టే తీరు అందులో వివరంగా ఉన్నాయి. గాలం వేటపై ప్రపంచంలోని పాత రచనల్లో ఒకటిగా దానికి గుర్తింపు ఉంది.

జీవనోపాధిగా చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు కొర్రమీనుకు వేరే పద్ధతులు వాడారు. నీరు తగ్గిన చెరువులో అడుగులేని వెదురు బుట్టను బురదలోకి అదిమి, పైనుంచి చెయ్యి పెట్టి చేపను తీయడం వాటిలో ఒకటి. విసురు వల నాచులో చిక్కుకుంటుంది కాబట్టి కలుపు ఉన్నచోట గాలమే గతి. పొడవాటి వెదురు కర్రకు గట్టి దారం కట్టి, ముల్లుకు చిన్న కప్పనో వానపామునో గుచ్చి, ఆకుల మధ్య ఖాళీల్లో నీటిని తాకీ తాకనట్టు ఆడించేవారు. నేటి కృత్రిమ కప్ప ఆటకు మూలం ఈ నాటు పద్ధతిలోనే ఉంది.

1806లో బ్రిటిష్ సైన్యం కోసం సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది. బొల్లారంలోనూ సైనిక స్థావరం వెలిసింది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో దక్షిణ భారతదేశంలోని బ్రిటిష్ అధికారులు రీలు, మడిచే కర్ర, లోహపు ఎరలతో చేపల వేటను క్రీడగా మలుచుకున్నారు. మద్రాసు ప్రభుత్వాధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. చెరువుల్లో గాలం వేట గురించే 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం వెలువరించాడు. వైద్యాధికారి ఫ్రాన్సిస్ డే 1875–78 మధ్య ప్రచురించిన ‘ద ఫిషెస్ ఆఫ్ ఇండియా’ ఈ దేశపు చేపల పరిజ్ఞానానికి పునాది వేసింది.

బోలు రబ్బరు కప్పలు, అల్లిక దారాలు, చిన్న రీళ్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది ఇటీవలి కాలంలోనే. చైనా, థాయ్‌లాండ్, మలేషియాల నుంచి వచ్చే ఎరలు నగర దుకాణాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరకడంతో వెదురు కర్ర పట్టిన ఇళ్లలోని యువకులు రీలు కర్ర అందుకున్నారు.

ఎరలు, సామగ్రి

కృత్రిమ ఎరను వేటగాళ్లు లూర్ అంటారు. కొర్రమీనుకు ఎక్కువగా వాడేది ఫ్రాగ్. ఇది మెత్తటి రబ్బరుతో చేసిన బోలు కప్ప. నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల పొడవు, సుమారు పది గ్రాముల బరువు ఉంటుంది. రెండు ముళ్లూ కప్ప వీపును ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి నాచు మీద, తామరాకుల మీద లాగినా చిక్కుకోవు. చేప కరిచినప్పుడు రబ్బరు లోపలికి అణిగి ముళ్లు బయటపడతాయి. వెనక తోకలా వేలాడే కుచ్చు గానీ గిరగిర తిరిగే చిన్న రేకు గానీ చేపను రెచ్చగొడతాయి.

కలుపు పలచగా ఉన్నచోట చెంచా ఆకారపు లోహపు ఎర, తిరిగే రేకు ఉన్న స్పిన్నర్, మెత్తటి ప్లాస్టిక్ చేప పనిచేస్తాయి. నీటి మీద బుడబుడమంటూ నురగ లేపే బజ్ బెయిట్ మబ్బు పట్టిన సాయంత్రాలకు అనువైనది. నీరు కలకగా ఉంటే నలుపు, ముదురు రంగు ఎరల ఆకారం చేపకు స్పష్టంగా కనిపిస్తుంది. తేట నీటిలో ఆకుపచ్చ, గోధుమ రంగులు సహజంగా ఉంటాయి.

చేప ఎటు చూసి మాటు వేస్తుందో ఎర అక్కడ ఆడాలి. ఆస్ట్రేలియా తూర్పు తీరపు ఏటిమొగల్లో డస్కీ ఫ్లాట్‌హెడ్ అనే చేప ఇసుకలో ఒళ్లు కప్పుకుని పడుకుంటుంది. అక్కడివాళ్లు సీసపు తల ఉన్న మెత్తటి ఎరను అడుగుకు దించి, ఇసుకను తాకుతూ ఎగిరెగిరి పడేలా లాగుతారు. కొర్రమీను కూడా బల్లపరుపు తలతో, పైకి చూసే కళ్లతో లోతులేని నీటిలోనే పొంచి ఉంటుంది. కానీ దాని వేట నీటి పైపొరలో సాగుతుంది. కాబట్టి దక్కన్ చెరువులో ఎర తేలాలి, ఈదాలి, ఆకు మీది నుంచి నీటిలోకి జారాలి.

కర్ర ఆరు నుంచి ఏడు అడుగుల పొడవుతో, వంగినా లొంగని గట్టిదై ఉండాలి. దారంగా సాగని అల్లిక దారాన్ని వాడతారు. నైలాన్ దారం సాగుతుంది కాబట్టి దూరంగా ఉన్న చేప నోట్లో ముల్లు దిగదు. ముప్పై నుంచి యాభై పౌండ్ల బరువు ఆపే దారం రెండు కిలోల చేపకు అవసరానికి మించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ బలం చేపతోపాటు వచ్చే నాచు మోపును లాగడానికి కావాలి.

వేట విధానం

అనుభవమున్న వేటగాడు చెరువుకు చేరగానే గాలం వేయడు. కాసేపు నిలబడి నీటిని గమనిస్తాడు. గాలి మింగిన సుడి ఎక్కడ లేచింది, చిన్న చేపలు ఎక్కడ చెదిరాయి, తుంగ దుబ్బు ఎక్కడ కదిలింది అన్నవి అతనికి గుర్తులు. నీడ నీటి మీద పడకుండా, అడుగుల అదురు గట్టుకు తెలియకుండా నడుస్తాడు. లోతులేని నీటిలో చేప మన అలికిడిని ముందుగానే పసిగడుతుంది.

ఎరను చేప ఉన్న చోటి మీదనే పడేస్తే అది బెదిరి పారిపోతుంది. దానికి అవతలగా, ఆకు మీదనో గట్టు గడ్డి మీదనో పడేసి మెల్లగా నీటిలోకి జార్చాలి. రెండు మూడు చిన్న ఊపులు, ఒక విరామం, మళ్లీ ఊపు: కప్ప ఈదే తీరు ఇదే. చేప వెంట వస్తుంటే ఆకుల కింద నీరు ఉబ్బి గీతలా కనిపిస్తుంది. అప్పుడు ఎరను ఆపకుండా అదే లయలో లాగాలి.

కొర్రమీను ఎరను కొట్టినప్పుడు నీరు పెళ్లున లేస్తుంది. కొత్తవాళ్లు ఆ చప్పుడుకే కర్ర గుంజేస్తారు. ఎర గాల్లోకి లేచిపోతుంది, చేప మళ్లీ రాదు. ఎర నీటిలో మాయమై, దారం బరువుగా పక్కకు కదిలేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టాలి. ఆ తర్వాత కర్రను బలంగా వెనక్కి లాగాలి. ముల్లు దిగాక మాత్రం సడలించకూడదు. తల పైకి ఉంచి వెంటనే గట్టు వైపు తేవాలి. వదులు ఇస్తే కొర్రమీను తుంగ వేళ్లలో దూరి దారాన్ని చుట్టేస్తుంది.

చేపను పట్టాక పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. దవడ పట్టుకునే పరికరంతో పట్టి, పట్టకారుతో ముల్లు తీస్తారు. వదిలేసే ఉద్దేశం ఉంటే ముళ్ల కొసల వెనకుండే ఎదురు పళ్లను ముందే అణచి ఉంచడం మేలు. జిగురు పోకుండా తడి చేతులతో పట్టి నీటిలోకి వదలాలి. ఆ జిగురే చేపను బూజు తెగుళ్ల నుంచి కాపాడుతుంది. 1988లో ఈశాన్య భారతంలో మొదట బయటపడి తర్వాత దేశమంతా పాకిన పుండ్ల రోగం కొర్రమీను జాతులను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ రోగానికి కారణం బూజును పోలిన ఒక జలజీవి.

కాలం, గుడ్ల దశ

తెల్లవారుజాము, సాయంత్రం వేళలు అన్ని కాలాల్లోనూ అనుకూలం. ఎండాకాలంలో నీరు తగ్గి చేపలు కొద్దిచోటనే చేరతాయి. నడి మధ్యాహ్నం కూడా దట్టమైన కలుపు నీడలో ఎర అందుకుంటాయి. చలికాలపు ఉదయాల్లో చేప మందకొడిగా ఉంటుంది, ఎండ ఎక్కాక చురుకవుతుంది. మృగశిర కార్తెలో తొలకరి పడి కొత్త నీరు చేరగానే కొర్రమీను శిఖం వైపు, వాగుల వైపు ఎదురెక్కుతుంది.

ఆ కాలమే గుడ్ల కాలం కూడా. జంట చేపలు కలుపును చుట్టూ తొలగించి చిన్న ఖాళీ చేసుకుంటాయి. గుడ్లు నీటి మీద తేలతాయి, ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఎర్రటి పిల్లలు వందల సంఖ్యలో గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందనే ఉండి కాపలా కాస్తాయి. పిల్లల గుంపులో ఏది పడినా ఆకలి లేకున్నా కోపంతో కొడతాయి. కొందరు వేటగాళ్లు దీన్నే అదనుగా తీసుకుని ఎర్ర గుంపు మీదికి గాలం విసురుతారు. ఇది నేర్పు కాదు, అన్యాయం. కాపలా చేప పోయిన కాసేపటికే మట్టగిడిసలు, పక్షులు పిల్లలను ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం ఒక తరం పోతుంది. ఎర్ర గుంపు కనిపించిన చోటు నుంచి గాలం తీసుకుని ముందుకు వెళ్లడం ఈ వేటలో మొదటి మర్యాద.

హక్కులు, చట్టాలు

తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టే హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘాలకు ఉంటుంది. సరదా వేటకు వెళ్లేవారు ఆ సంఘం అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదిలే పథకాన్ని చేపట్టింది. అవి ప్రధానంగా బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ వంటి రకాలు. కొర్రమీను పిల్లలు ఒకదాన్నొకటి తినే స్వభావం కలవి కాబట్టి వాటిని పెంచడం కష్టం. చాలా చెరువుల్లోని కొర్రమీను సహజంగా పుట్టి పెరిగినదే. అందుకే దాన్ని పట్టేటప్పుడు మరింత సంయమనం కావాలి.

మందుగుండు పేల్చి గానీ విషం కలిపి గానీ చేపలు చంపడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నేరంగా చెప్పింది. బతికిన కప్పను ముల్లుకు గుచ్చడం కూడా ఇక చెల్లని పద్ధతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కప్పలకు రక్షణ కల్పించింది. కప్ప కాళ్ల ఎగుమతిని కేంద్రం 1987లో నిషేధించింది. పొలాల్లో పురుగులను తినే కప్పను కాపాడుకోవాలంటే రబ్బరు కప్పను మించిన ప్రత్యామ్నాయం లేదు.

ఆహారం, ఆచారం

కొర్రమీను మాంసం గట్టిగా, సన్న ముళ్లు లేకుండా ఉంటుంది. చింతపండు పులుసుకు, వేపుడుకు ఇది పేరెన్నిక గన్నది. బూడిదతోనో ఉప్పుతోనో రుద్ది జిగురు పోగొట్టాకే కోస్తారు. గాలి పీల్చే చేప కాబట్టి కొద్ది నీటిలో గంటల తరబడి బతుకుతుంది. హైదరాబాద్‌లోని రాంనగర్ చేపల మార్కెట్‌లో కొర్రమీనును ప్రాణంతోనే అమ్ముతారు, బొచ్చె, రోహుల కన్నా దీని ధర ఎప్పుడూ ఎక్కువే.

మృగశిర కార్తె రోజున చేప తినడం తెలంగాణ ఇళ్లలో ఆనవాయితీ. అదే సమయంలో హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం ఉన్నవారికి చేప ప్రసాదం ఇస్తుంది. పసుపు రంగు మందు ముద్దను బతికిన కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. ఈ ఆచారం 1845 నుంచి వస్తోందని ఆ కుటుంబం చెబుతుంది. దీని వైద్య ప్రభావాన్ని శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. అయినా దేశం నలుమూలల నుంచి వేల మంది వస్తుంటారు.

ఇతర దేశాల్లో

కొర్రమీను జాతులు ఆగ్నేయాసియా అంతటా ఉన్నాయి. థాయ్‌లాండ్, మలేషియాల్లో రబ్బరు కప్పతో వేట పెద్ద క్రీడ. అమెరికాలో కథ వేరు. చైనా ప్రాంతపు జాతి ఒకటి 2002లో మేరీల్యాండ్ రాష్ట్రం క్రాఫ్టన్‌లోని ఒక కుంటలో బయటపడి దేశమంతా కలకలం రేపింది. అదే ఏడాది ఈ కుటుంబపు చేపలన్నిటినీ హానికర జాతులుగా ప్రకటించి, ప్రాణంతో దిగుమతి చేసుకోవడాన్ని, రాష్ట్రాల మధ్య తరలించడాన్ని నిషేధించారు. ఫ్లోరిడా కాలువల్లో 2000లో కనిపించిన జాతిని మొదట మన పూమీనుగా భావించారు. తర్వాతి పరిశోధనల్లో అది దానికి దగ్గరి మరో జాతి అని తేలింది. అక్కడి వేటగాళ్లు ఇప్పుడు దాన్ని రబ్బరు కప్పలతోనే పడుతున్నారు. మన చెరువులో సమతూకం కాపాడే వేటచేప పరాయి నీటిలో ఉపద్రవం కాగలదు. బతికిన చేపను ఒక నీటి నుంచి మరో నీటికి మోయకూడదన్న నియమం వెనకున్న కారణం ఇదే.

ముప్పు, సంరక్షణ

అల్వాల్ వైపు చెరువులకు మురుగు నీరు, గుర్రపుడెక్క, శిఖం ఆక్రమణలు ప్రధాన సమస్యలు. మురుగును కొర్రమీను కొంతవరకు తట్టుకుంటుంది. దాన్ని చూసి చెరువు బాగుందనుకోవడం పొరపాటు. అది గాలిని పీలుస్తుంది గనుక ఊపిరాడని నీటిలోనూ మిగిలి ఉంటుంది. అలాంటి నీటిలో పట్టిన చేపను తినకుండా వదిలేయడమే ఆరోగ్యానికి మంచిది. గుర్రపుడెక్క పలచగా ఉంటే చేపకు నీడనిస్తుంది. నీటిని పూర్తిగా కప్పేస్తే గాలి మింగే దారి, గూడు కట్టే చోటు రెండూ మూసుకుపోతాయి.

2012 నిర్మాణ నిబంధనలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న వాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని చెప్పాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రమంతటా చెరువుల పూడిక తీతను చేపట్టింది. 2024లో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ జంట నగరాల్లో చెరువుల ఆక్రమణలను తొలగిస్తోంది. ఈ పనులు జరిగేటప్పుడు చేప అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెరువు చుట్టూ నిలువు గోడ కట్టి, నడక దారి వేసి, నీటిని అంచు దాకా లోతు చేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ కప్పకు, కొర్రమీనుకు, నీటి పక్షికి చోటు మిగలదు. కనీసం ఒక వైపైనా నేల మెల్లగా వాలి, తుంగ, తామర పెరిగే అంచును అలాగే ఉంచాలి.

ఆ అంచును రోజూ దగ్గరగా చూసేవాడు గాలం వేటగాడే. నీటి రంగు మారినా, చేపలు తేలినా, శిఖంలో మట్టి కుమ్మరించినా ముందుగా అతనికే తెలుస్తుంది. సహకార సంఘాలు, కాలనీ సంఘాలు, వేటగాళ్లు కలిసి గుడ్ల కాలంలో వేట ఆపితే, చిన్న చేపలను వదిలేస్తే, తెగిన దారాలను గట్టున పారేయకుండా వెంట తీసుకెళ్తే, ఆక్రమణలను వెంటనే అధికారుల దృష్టికి తెస్తే అల్వాల్ వంటి నగర చెరువుల్లో కూడా కొర్రమీను నిలబడుతుంది. రాష్ట్ర చేపగా గౌరవించిన ప్రాణికి నిజమైన గౌరవం దాని ఇంటిని నిలపడంలోనే ఉంది.